ఫ్యూజ్ మళ్లీ మళ్లీ పోతోందా? నంబరు పెంచే ముందు ఇవి చూడండి

ఫ్యూజ్ పోతోందని రిపేరుకు వచ్చే పెట్టెల్లో చాలావాటితో పోయిన ఫ్యూజ్ రాదు. అడిగితే "కాలిపోయిందిగా, పారేశాం" అంటారు. ఉన్న ఒక్క సాక్షినీ చెత్తబుట్టలో వేసి, ఇప్పుడు కారణం చెప్పమంటారు. ఇంకొందరు 2 ఆంపియర్లది పోయిందని 3 పెట్టి, అదీ పోయిందని 5 పెట్టి, చివరికి బోర్డు మీది రాగి ట్రాక్ లేచిపోయాక తెస్తారు.

కరెంటు తీసేయడం, పెద్ద కెపాసిటర్లు ఖాళీ అయ్యాయో లేదో మీటరుతో చూసుకోవడం లాంటివి మీకు తెలిసే ఉంటాయి, వాటి జోలికి పోను.

ఒక్క విషయం మాత్రం మొదట్లోనే చెప్పాలి. ఫ్యూజ్‌కి కరెంటు లెక్క తెలియదు, దానికి తెలిసింది వేడి ఒక్కటే. లోపలి తీగ కరిగేంత వేడి ఎక్కడి నుంచి వచ్చినా అది తెగుతుంది. ఆ వేడి లోడు నుంచే వచ్చిందని మనం అనుకుంటాం. అక్కడే బోల్తా పడతాం.

ముందు పోయిన ఫ్యూజ్‌ని చూడండి

గాజు లోపల నల్లటి మసి లేదా అద్దంలా వెండిపూత కనిపిస్తే అది షార్ట్. చాలా పెద్ద కరెంటు ఒక్కసారిగా వెళ్లి తీగను ఆవిరి చేసింది. గాజు శుభ్రంగా ఉండి, తీగ మధ్యలో తెగి, చివర్లు చిన్న గుండుల్లా ఉంటే కొంచెం ఎక్కువ కరెంటు చాలాసేపు పారినట్టు. మధ్యలో కాకుండా ఒక చివర, లోహపు మూత పక్కనే తెగితే ఆ ఫ్యూజ్‌ని జాగ్రత్తగా పక్కన పెట్టండి, దాని సంగతి కింద చెబుతాను.

తర్వాత మూత మీద అక్షరాలు చదవండి. సంఖ్య ఒక్కటే చూసి కొత్తది కొనేవాళ్లే ఎక్కువ. "ఎఫ్ 2 ఏ ఎల్ 250 వి" అని ఉంటే, ఎఫ్ అంటే త్వరగా తెగేది, టీ అంటే ఆలస్యంగా తెగేది. ఎల్ అంటే తక్కువ బ్రేకింగ్ కెపాసిటీ: 35 ఆంపియర్లు లేదా రేటింగ్‌కి పది రెట్లు, ఏది ఎక్కువైతే అంతవరకే షార్ట్ కరెంటును భద్రంగా ఆపగలదు. హెచ్ రకం 1500 ఆంపియర్ల వరకు ఆపుతుంది. హెచ్ ఉన్నచోట ఎల్ పెడితే, గట్టి షార్ట్ వచ్చినప్పుడు గాజు పగిలి లోపల ఆర్క్ (తెగిన చివర్ల మధ్య ఖాళీలో మెరుపులా పారే కరెంటు) నడుస్తూనే ఉండొచ్చు. సిరామిక్ ఫ్యూజ్ ఉన్న చోట గాజుది పెట్టకూడదని చెప్పేది ఇందుకే.

లక్షణం: కొత్తది పెట్టగానే టప్‌మని పోతుంది, గాజు నల్లబడుతుంది

షార్టే. ఇంకో ఫ్యూజ్ పెట్టి చూద్దాం అనుకోకండి. ఫ్యూజ్ తీసేసి, దాని తర్వాతి వైపు మీటరుతో కొలవండి. సాధారణంగా దొరికేవి బ్రిడ్జ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసేది), స్విచింగ్ మాస్ఫెట్ (కరెంటును వేగంగా ఆన్ ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్), సప్లై మొదట్లో ఉండే వేరిస్టర్, డీసీ వైపైతే షార్టయిన టీవీఎస్ డయోడు (ఈ రెండూ వోల్టేజి పోటును అడ్డుకునేవి). మాస్ఫెట్ పోయిందంటే దాని గేట్ వైపు చిన్న రెసిస్టర్లు, డ్రైవర్ ఐసీ కూడా చూసుకోండి, లేకపోతే కొత్త మాస్ఫెట్ కూడా అదే దారిన పోతుంది. మెయిన్స్ మీద నడిచేదైతే మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్‌లో పాత ఫిలమెంట్ బల్బు పెట్టండి. బల్బు పూర్తిగా వెలిగి అలాగే ఉంటే షార్ట్ ఇంకా ఉంది. ఒక్కసారి మెరిసి తగ్గితే కెపాసిటర్లు నిండాయి, ముందుకెళ్లొచ్చు.

లక్షణం: స్విచ్ వేసిన క్షణంలోనే, అదీ అప్పుడప్పుడు మాత్రమే

ఇది ఇన్‌రష్, అంటే ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారిగా ఎగసే కరెంటు. ఖాళీ కెపాసిటర్ మొదటి క్షణంలో దాదాపు షార్ట్‌లాగే కరెంటు లాగుతుంది. టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మరైతే స్విచ్ పడిన క్షణంలో ఏసీ వోల్టేజి ఎక్కడుందన్న దాన్నిబట్టి లాగుతుంది, అందుకే "అప్పుడప్పుడు".

ముందు టీ పెట్టాల్సిన చోట ఎఫ్ ఉందేమో చూడండి. బోర్డు మీద ముద్రించిన అక్షరమే ప్రమాణం. మీరే డిజైన్ చేస్తుంటే లెక్క కష్టమేమీ కాదు. కెపాసిటర్ ఛార్జింగ్ మొత్తంలో ఫ్యూజ్ మీద పడే ఐ స్క్వేర్ టీ విలువ (కరెంటు వర్గాన్ని సమయంతో గుణిస్తే వచ్చేది, తీగకు తగిలే వేడి దెబ్బకు కొలత), కెపాసిటర్‌లో చేరే శక్తిని దారిలోని మొత్తం రెసిస్టెన్స్‌తో భాగిస్తే వస్తుంది. 24 వోల్టులు, 2200 మైక్రోఫారడ్లు అనుకోండి. శక్తి సుమారు 0.63 జౌళ్లు. దారిలో 0.3 ఓమ్ ఉంటే 2.1 ఆంపియర్ స్క్వేర్ సెకన్లు. మొదటి క్షణంలో కరెంటు 80 ఆంపియర్లు.

ఇక్కడ డేటాషీట్‌లో ఐ స్క్వేర్ టీ 2.5 ఉన్న ఫ్యూజ్ చూసి "సరిపోయింది" అనుకుంటే ఆరు నెలలకు ఫోన్ వస్తుంది. తెగకపోయినా ప్రతి దెబ్బకీ తీగ సాగి, ముడుచుకుని అలసిపోతుంది. లక్షసార్లు ఆన్ అయినా తట్టుకోవాలంటే ఒక్క దెబ్బ ఆ ఫ్యూజ్ కరిగే విలువలో 22 శాతం దాటకూడదని తయారీదార్లు ఇచ్చే మామూలు లెక్క. అంటే మన ఉదాహరణలో ఐ స్క్వేర్ టీ దాదాపు 10 ఉన్న ఫ్యూజ్ కావాలి. అదే ఆంపియర్లలో టీ రకానికి మారడం ఇందుకే, పెద్ద ఆంపియర్లకి ఎగబాకడానికి కాదు.

ఎన్‌టీసీ (ఇన్‌రష్‌ని అడ్డుకోవడానికి పెట్టే, వేడెక్కితే రెసిస్టెన్స్ తగ్గే రెసిస్టర్) ఉన్న సప్లైల్లో ఇంకో చిక్కు. వేడెక్కిన ఎన్‌టీసీ రెసిస్టెన్స్ బాగా తక్కువ. ఆపి వెంటనే మళ్లీ ఆన్ చేస్తే అది అడ్డుకోదు. "కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడే ఫ్యూజ్ పోతోంది" అని ఎవరైనా అంటే ముందు ఇదే అనుమానించండి.

లక్షణం: రోజుల తరబడి బాగానే నడిచి, ఏ కారణం లేకుండా పోతుంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక 24 వోల్టుల మోటార్ కంట్రోలర్. టీ రకం 6.3 ఆంపియర్ల ఫ్యూజ్. లోడు కొలిస్తే నిలకడగా 3.9 ఆంపియర్లు. షార్ట్ లేదు, ఇన్‌రష్ పెద్దగా లేదు. అయినా పది రోజులకోసారి ఫ్యూజ్ పోతుంది. కొత్తది పెడితే మళ్లీ పది రోజులు హాయిగా నడుస్తుంది. మోటార్ మార్చాం, కేబుల్ మార్చాం, వేరే బ్యాచ్ ఫ్యూజ్‌లు తెచ్చాం. చివరికి సిగ్గు విడిచి చెబుతున్నాను, 8 ఆంపియర్లది పెట్టాను. నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత ఫ్యూజ్ కాదు, హోల్డర్ ప్లాస్టిక్కే కరిగి వచ్చింది.

తప్పు హోల్డర్ క్లిప్పుది. ఒకవైపు క్లిప్పు పట్టు వదులైంది. లోడు నడుస్తుండగా క్లిప్పుకీ ఫ్యూజ్ మూతకీ మధ్య కొలిస్తే మంచి వైపు 6 మిల్లీవోల్టులు, చెడ్డ వైపు 210. నాలుగు ఆంపియర్ల దగ్గర 210 మిల్లీవోల్టులంటే 0.84 వాట్లు, అదీ గోరంత లోహపు ముక్కలో. మామూలుగా తీగలోని వేడి మూతల గుండా క్లిప్పుల్లోకి, అక్కడి నుంచి ట్రాక్‌లోకి దిగిపోవాలి. ఇక్కడ క్లిప్పే పొయ్యి అయి కూర్చుంది. చల్లబరచాల్సిన వైపు నుంచే వేడి ఎక్కుతుంటే 6.3 ఆంపియర్ల ఫ్యూజ్ 4 ఆంపియర్లకే తెగుతుంది. తీగ ఒక చివర తెగిందంటే పక్కన పెట్టమన్నది ఇందుకే. మామూలుగా తీగకు మధ్యభాగమే ఎక్కువ వేడి, చివర తెగిందంటే ఆ చివర ఏదో కాలుస్తోందని అనుమానించాలి. ఆ మూత రంగు మారినా, లోపలి సోల్డర్ జారినట్టు ఉన్నా అనుమానం బలపడుతుంది.

ఇది ఇన్నాళ్లు దొరక్కుండా తిప్పలు పెట్టడానికి రెండు కారణాలు. మొదటిది, ఫ్యూజ్ మార్చేటప్పుడు కొత్త మూత క్లిప్పుని గీసుకుంటూ లోపలికి దిగుతుంది. ఆ రాపిడికి పాత ఆక్సైడ్ పొర చిరిగి, పట్టు తాత్కాలికంగా బాగవుతుంది. మనం ఫ్యూజే బాగుచేసిందనుకుంటాం. పది రోజుల్లో వేడికి మళ్లీ ఆక్సైడ్ కడుతుంది, స్ప్రింగ్ ఇంకొంచెం మెత్తబడుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది. రెండోది, మల్టీమీటర్ బీప్. మీటరు పదుల ఓమ్‌ల వరకు బీప్ కొడుతుంది. ఇక్కడి లోపం 0.05 ఓమ్. బీప్ వచ్చింది కాబట్టి కాంటాక్ట్ బాగుందనుకోవడం, తలుపు తెరుచుకుంది కాబట్టి ఇంట్లో దొంగలు లేరనుకోవడం లాంటిదే.

పరీక్ష ఇలా చేయండి. లో వోల్టేజ్ డీసీ అయితే లోడు నడుస్తుండగానే రెండు క్లిప్పుల దగ్గరా విడివిడిగా, క్లిప్పు నుంచి మూతకి, మిల్లీవోల్టులు కొలవండి. రెండూ దాదాపు సమానంగా, కొద్ది మిల్లీవోల్టుల్లో ఉండాలి. ఒకటి రెండోదానికి అనేక రెట్లుంటే దొంగ దొరికినట్టే. మెయిన్స్ వైపు ఇలా లైవ్‌లో కొలవొద్దు. ప్లగ్ తీసేసి, బెంచ్ సప్లైని కరెంట్ లిమిట్‌లో పెట్టి, మామూలు లోడు ఎంతో అంత కరెంటు హోల్డర్ గుండా పంపి అప్పుడు కొలవండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూసేవాళ్లకు ఒక మాట: మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది, చిన్న నల్ల టేపు ముక్క అంటించి చూడండి.

పరిష్కారం హోల్డర్ మార్చడమే. పట్టకారుతో క్లిప్పుని నొక్కి బిగిస్తే వారం నడుస్తుంది, ఎందుకంటే స్ప్రింగ్ గుణం ఎప్పుడో పోయింది. ఉప్పు కాగితంతో రుద్దితే పైనున్న పూత కూడా పోయి త్వరగా తుప్పు పడుతుంది. మార్చేటప్పుడు హోల్డర్ కింది సోల్డర్ జాయింట్ చుట్టూ గుండ్రటి పగులు ఉందేమో భూతద్దంతో చూడండి, ఆ పగులు చేసే పని కూడా ఇదే. డిజైన్ మీ చేతిలో ఉంటే క్లిప్పుల దగ్గర రాగి ట్రాక్ వెడల్పు పెంచండి. హోల్డర్ మీద 10 ఆంపియర్లని ఉన్నా, అది ఎన్ని వాట్ల వేడి భరించగలదో డేటాషీట్‌లో వేరే అంకె ఉంటుంది. పెట్టె లోపల వేడి పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది.

హోల్డర్ బాగానే ఉంటే ఫ్యూజ్ ఏ ప్రమాణానిదో చూడండి. 2 ఆంపియర్లని రాసి ఉన్న రెండు ఫ్యూజ్‌లు ఒకటి కావు. మామూలు 5×20 మిల్లీమీటర్ల ఐఈసీ 60127 (అంతర్జాతీయ ప్రమాణం) రకం 3 ఆంపియర్లను కనీసం గంటసేపు మోయాలి. యూఎల్ 248-14 (అమెరికా ప్రమాణం) రకం 2.7 ఆంపియర్లకే గంటలోపు తెగాలి. అందుకే యూఎల్ రకాన్ని దాని రేటింగ్‌లో 75 శాతానికి మించి నిలకడగా వాడరు. ఐఈసీది ఉన్నచోట యూఎల్‌ది పెట్టి, ఫ్యూజ్ నాసిరకమని తిట్టడం చాలాసార్లు చూశాను. ఈ రేటింగులన్నీ గది వేడిమికి చెప్పినవి, మూసిన పెట్టెలో 60 డిగ్రీలుంటే ఇంకా తగ్గించి లెక్కేయాలి.

లక్షణం: ఫ్యూజ్ చెక్కుచెదరలేదు, సర్క్యూట్ కాలిపోయింది

ట్రాన్సిస్టర్‌ని కాపాడాలని ఫ్యూజ్ పెట్టి ఉంటే ఆశ వదులుకోండి. సెమీకండక్టర్ మైక్రోసెకన్లలో పోతుంది, ఫ్యూజ్‌కి మిల్లీసెకన్లు కావాలి. ఫ్యూజ్ కాపాడేది వైర్లని, ట్రాక్‌లని, ఇంటిని.

వైరే కాలి, ఫ్యూజ్ బాగుంటే, సప్లై ఎంత కరెంటు ఇవ్వగలదో చూడండి. 3 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) తర్వాత 3 ఆంపియర్ల ఫ్యూజ్ పెడితే అది అలంకారమే. షార్ట్ వచ్చినా సప్లై తన లిమిట్ దాటి ఇవ్వదు, ఆ కరెంటుకి ఫ్యూజ్ తెగదు, సన్న వైరు మాత్రం మాడుతుంది. ఫ్యూజ్ త్వరగా తెగాలంటే దాని రేటింగ్‌కి పది రెట్ల వరకు ఇవ్వగల మూలం వెనక ఉండాలి. బ్యాటరీకి ఆ శక్తి ఉంది, చిన్న అడాప్టర్‌కి లేదు. అక్కడ ఎలక్ట్రానిక్ ఫ్యూజ్ ఐసీ లేదా ప్రతి శాఖకీ విడిగా చిన్న ఫ్యూజ్ పెట్టుకోవాలి.

లక్షణం: పాలీఫ్యూజ్ పెట్టాక వోల్టేజి పడిపోతోంది, లేదా వేసవిలోనే ట్రిప్ అవుతోంది

పాలీఫ్యూజ్ తెగదు, వేడెక్కి రెసిస్టెన్స్ పెంచుకుని కరెంటును అడ్డుకుంటుంది, చల్లారాక కోలుకుంటుంది. దానికి రెండు అంకెలు: హోల్డ్ (అడ్డుకోకుండా మోసే కరెంటు), ట్రిప్ (తప్పక అడ్డుకునే కరెంటు). ట్రిప్ సాధారణంగా హోల్డ్‌కి రెండింతలు, ఆ మధ్యలో ఏం చేస్తుందో దానిష్టం. వేడి వాతావరణంలో హోల్డ్ బాగా తగ్గుతుంది. ఒకసారి ట్రిప్ అయ్యాక రెసిస్టెన్స్ కొత్తదానికంటే ఎక్కువే ఉంటుంది, అందుకే ఆ వోల్టేజి డ్రాప్. ట్రిప్ అయినా సన్నటి లీకేజి పారుతూనే ఉంటుంది, సప్లై తీసేస్తేనే కోలుకుంటుంది. దాని గరిష్ఠ వోల్టేజి దాటిన చోట పెట్టకండి, నిప్పంటుకుంటుంది.

మిగతావి

32 వోల్టుల వాహన ఫ్యూజ్‌ని 48 వోల్టుల బ్యాటరీకి వాడొద్దు. తెగినా ఆర్క్ ఆగదు, ఎందుకంటే ఏసీలోలా డీసీ సున్నాకి రాదు. 250 వోల్టులని ఉన్న ఏసీ ఫ్యూజ్‌కి డీసీ రేటింగ్ వేరే, డేటాషీట్ చూడండి. వైబ్రేషన్‌కి తీగ విరగడం, దొంగ ఫ్యూజ్‌లు, తేమకి మూతలు తుప్పు పట్టడం అరుదే, పైవన్నీ కొట్టేశాక చూసుకోవచ్చు. మిల్లీఆంపియర్ల ఫ్యూజ్‌లకి లోపలే అనేక ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది, కాబట్టి 3.3 వోల్టుల లైనులో అవి పెట్టి "వోల్టేజి తగ్గింది" అని వెతకొద్దు.