ఋతువులు ఎందుకు మారతాయో టార్చితో చూపండి

భూమి సూర్యుడికి దగ్గరైతే వేసవి, దూరమైతే చలికాలం అని చాలామంది పిల్లలు రాసేస్తారు. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో. ఉత్తరార్ధగోళంలో అప్పుడు చలికాలం!

ఇది మాటలతో ఎక్కదు. గదిని చీకటి చేసి, తెల్ల కాగితంపై టార్చి వెలుగు నిటారుగా పడేలా పట్టుకోండి. ఆ గుండ్రటి వెలుగు చుట్టూ పెన్సిల్‌తో గీత గీయించండి. టార్చిని కదపకుండా ఇప్పుడు కాగితాన్ని వాల్చండి. వెలుగు గీత దాటి కోలగా సాగుతుంది, మసకబారుతుంది. అదే కాంతి ఎక్కువ చోటుకు పరచుకుందన్నమాట. పిల్లల ముఖాలు వెలిగేది సరిగ్గా ఇక్కడే.

భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉంటుంది కాబట్టి, సూర్యుడి వైపు వాలిన అర్ధగోళంపై వెలుగు ఎక్కువ నిటారుగా పడి వేసవి, రెండోదానిపై వాల్చిన కాగితం మీదలా ఏటవాలుగా పరచుకుని చలికాలం.