ఇంగ్లండ్ పల్లెటూరి షోలో మీ టమాటాలు: పేరివ్వడం నుంచి బల్ల మీద పెట్టేదాకా

ఇంగ్లండ్‌లో జూలై చివర నుంచి సెప్టెంబరు మధ్యదాకా చాలా పల్లెల్లో ఒక శనివారం పోటీల షో పెడతారు. అది విలేజ్ హాల్లో కావచ్చు, మైదానంలో వేసిన టెంటులో కావచ్చు. పూలు, కూరగాయలు, పళ్లు, కేకులు, జామ్‌లు, అల్లికలు, పిల్లల బొమ్మలు తెల్లగుడ్డ పరిచిన బల్లల మీద బారులు తీరి ఉంటాయి. ఏటా చూడ్డానికి వెళ్లి "మన టమాటాలు వీటికేం తీసిపోయాయి" అనుకుంటూ తిరిగొచ్చేవాళ్లు వచ్చే ఏడు తామే పెట్టొచ్చు. అలాట్‌మెంట్, అంటే కూరగాయలకని అద్దెకిచ్చే చిన్న చెక్క, ఉండాల్సిన పని కూడా లేదు. పెరట్లో నాలుగు కుండీలున్నా చాలు, కేకులు, జామ్‌ల లాంటి వంటింటి క్లాసులకైతే (క్లాసు అంటే పోటీలో ఒక విభాగం) అవీ అక్కర్లేదు.

కొత్తవాళ్లు ముందుగా వదిలించుకోవాల్సిన భ్రమ ఒకటుంది. పెద్ద కాయకే బహుమతి అనుకుంటారు. "అన్నిటికన్నా బరువైనది", "అన్నిటికన్నా పొడవైనది" అని విడిగా పెట్టిన క్లాసుల్ని పక్కన పెడితే, జడ్జి చూసేది అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయా లేదా అన్నది, తాజాగా ఉన్నాయా, మచ్చ లేకుండా ఉన్నాయా అన్నది. నాలుగు మామూలు కాయల మధ్య ఒక బ్రహ్మాండమైన కాయ పెడితే, ఆ ఒక్కటే మిగతా నాలుగింటినీ ముంచుతుంది.

షెడ్యూల్ చదవడమే సగం పని

షో నడిపే సంఘం వసంతకాలంలోనే షెడ్యూల్ అనే చిన్న పుస్తకం వేస్తుంది. ఊరి దుకాణంలోనో, హాల్లోనో, సంఘం వెబ్‌సైట్‌లోనో దొరుకుతుంది. అందులో ప్రతి క్లాసుకూ ఒక నంబరు ఉంటుంది. ఫారంలో ఆ నంబర్లు రాసి, ఒక్కో ఎంట్రీకి కొద్ది పెన్నీల రుసుము కలిపి ఇవ్వాలి. పిల్లలకు చాలా చోట్ల ఉచితం. గడువు ఎక్కువగా షోకి రెండు మూడు రోజుల ముందు, బుధవారమో గురువారమో ముగుస్తుంది. కాస్త ఎక్కువ క్లాసులకే పేరివ్వండి. చివరి వారంలో వానకో నత్తలకో కొన్ని పోతాయి, పోయేది కొద్ది చిల్లరే.

షెడ్యూల్లో "టమాటాలు, 5" అని ఉంటే ఐదే. ఆరు పెడితే ఎంత బాగున్నా జడ్జి కార్డు మీద ఎన్.ఏ.ఎస్. అని రాసి పక్కకు జరుగుతారు. షెడ్యూల్‌లో అడిగినట్టు లేదని దాని అర్థం. ఓడిపోవడం కన్నా ఇది ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే తప్పు తోటలో కాదు, లెక్కలో జరిగింది. చాలా షోలు రాయల్ హార్టికల్చరల్ సొసైటీ నియమాలను పాటిస్తాయి. వాటి ప్రకారం చెర్రీ టమాటా అడ్డుకొలత 35 మిల్లీమీటర్లు దాటకూడదు. ఊరగాయ షాలట్ ఉల్లి 30 మిల్లీమీటర్లు దాటకూడదు. కొలిచే రింగు జడ్జి జేబులో ఉంటుంది, మీ దగ్గర కనీసం స్కేలు ఉండాలి.

కొన్ని మాటలకు ఇక్కడ కచ్చితమైన అర్థాలున్నాయి. పూలు పెట్టే పాత్ర ఎత్తు దాని మూతి వెడల్పు కన్నా ఎక్కువగా ఉంటేనే అది వేజ్, మూతి వెడల్పు ఎత్తుకు సమానంగానో ఎక్కువగానో ఉంటే బౌల్. రుబార్బ్ అనే పుల్లటి కాడలతో "పై" అనే తీపి వంటకం చేసుకు తిన్నా, షోలో అది కూరగాయే. "నాలుగు జాతుల కూరగాయలు" అన్న చోట రెండు రకాల బంగాళాదుంపలు పెడితే ఒక జాతి కిందే లెక్క. అలాంటి కలెక్షన్ క్లాసులో ఏవి పెట్టాలన్నదీ ఆలోచించాలి. సొసైటీ పాయింట్ల పట్టికలో బంగాళాదుంపకు, పెద్ద ఉల్లిగడ్డకు గరిష్ఠంగా 20 పాయింట్లు, కూర్జెట్‌కు (జుకీనికి) 12. కూర్జెట్ ఎంత చక్కగా ఉన్నా ఆ 12 దాటదు, కాబట్టి పండించడానికి కష్టమైనవాటినే ఎంచుకోండి.

టమాటాలు: ఐదింటి కోసం పన్నెండు

షోకి ముందు రోజు సాయంత్రం కోయండి. చేత్తో లాగితే తొడిమె ఊడొస్తుంది. కాయ పైన కాడ మీద మోకాలులా ఒక ముడి కనిపిస్తుంది, దానికి కాస్త పైన కత్తెరతో కత్తిరించాలి. నక్షత్రంలా విచ్చుకున్న ఆ పచ్చటి తొడిమే తాజాదనానికి సాక్ష్యం. అది వాడి ముడుచుకుంటే కాయ ఎంత నిగనిగలాడినా పాయింట్లు పోతాయి.

పన్నెండు కాయలు కోసి కిటికీ పక్కన పగటి వెలుతురులో పెట్టండి. బల్బు వెలుగులో నారింజ ఎరుపుకూ నిండు ఎరుపుకూ తేడా తెలియదు. ముందు బాగా పెద్దవీ బాగా చిన్నవీ తీసేయండి. మిగిలినవాటిలో తొడిమె చుట్టూ పచ్చగానో పసుపుగానో గట్టిబడిన "పచ్చ భుజం" ఉన్నవి తీసేయండి. సన్నటి పగుళ్లున్నవి, బొటనవేలికి మెత్తగా తగిలేవి తీసేయండి. చివరికి ఏడో ఎనిమిదో మిగిలితే అదృష్టం. ఐదు షోకి, మిగతావి దారిలో ఏదైనా నలిగితే మార్చడానికి. గుడ్ల అట్టలో ఒక్కోటి ఒక్కో గుంటలో పెట్టి తీసుకెళ్లండి. ప్లేటు మీద తొడిమె పైకి ఉండేలా నాలుగు చుట్టూ, ఒకటి మధ్యలో. నూనె రాసి మెరిపించకండి, జడ్జి వేలికి అంటుతుంది.

ఉల్లి, బీన్స్, దుంపలు

ఉల్లిగడ్డలు షోకి కనీసం రెండు వారాల ముందే పెరికి, గాలి తగిలే చోట నీడలో ఆరబెట్టాలి. మెడ మెత్తగా ఉన్న గడ్డ నిలవదని జడ్జికి తెలుసు. వేళ్లను అడుగుకు దగ్గరగా కత్తిరించి, ఆరిన మెడను మడిచి రంగు వేయని రఫియా నారతో నాలుగైదు చుట్లు బిగించి కట్టాలి. చాలామంది తడబడేది పొట్టు దగ్గర. చిరిగి వేలాడే పొర ఒకటి తీస్తారు, కింద ఇంకాస్త మెరుగ్గా కనిపిస్తుందని మరొకటి తీస్తారు, ఆఖరికి పచ్చగా నిగనిగలాడే కండ బయటపడుతుంది. అక్కడితో ఆ గడ్డ పని అయిపోయినట్టే. ఊడిపోయే పొర మాత్రమే తీసి ఆపేయాలి. గుండ్రటి అడుగు బల్ల మీద దొర్లకుండా ప్లాస్టిక్ పైపు నుంచి కోసిన రింగుల మీద నిలబెడతారు.

రన్నర్ బీన్స్ నిటారుగా, ఒకే పొడవులో, కాడతో సహా ఉండాలి. రెండు మూడు రోజుల ముందు నుంచే మంచివి దొరికినవి దొరికినట్టు కోసి, తడిగుడ్డలో తిన్నగా పరిచి చుట్టి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. కాస్త వంకర ఉన్నది కూడా ఆ చుట్టలో సాపు అవుతుంది. జడ్జి ఒకటి తీసి విరుస్తారు. ఫట్‌మని విరగాలి, నార సాగకూడదు. బఠాణీ కాయలను మాత్రం కాడ పట్టుకునే కోయాలి, వేలు తగిలితే తొక్క మీది పొడిలాంటి పూత పోతుంది. లోపల గింజలు నిండాయో లేదో వెలుతురుకు ఎత్తి చూసుకోండి.

క్యారెట్ తవ్వే ముందు రోజు మడిని బాగా తడపండి, లేకపోతే సన్నటి తోక నేలలోనే తెగిపోతుంది. మెత్తటి స్పాంజితో అడ్డంగా కడగాలి. నిలువుగా తోమితే పడ్డ గీతలు ఆరాక బయటపడతాయి. ఆకు 7-8 సెంటీమీటర్లు ఉంచి కత్తిరించి కట్టేయాలి. బీట్‌రూట్‌కూ అంతే. జడ్జి దాన్ని కోసి చూడొచ్చు, లోపల తెల్లటి వలయాలుంటే దోషం. బంగాళాదుంపలు 200-250 గ్రాముల మధ్యవి, కళ్లు లోతుగా లేనివి చూసుకోండి. కడిగాక జడ్జింగ్ మొదలయ్యేదాకా గుడ్డ కప్పి ఉంచండి, వెలుతురు తగిలితే పచ్చబడతాయి.

గోంగూర ఏ క్లాసులో?

మన కూరలకు "ఇతర కూరగాయ" అనే క్లాసు ఉంటుంది. షెడ్యూల్లో విడిగా క్లాసు ఉన్న కూరగాయను అందులో పెట్టకూడదు. మిరపకాయలకు చాలా షోల్లో సొంత క్లాసే ఉంది, వాటిని అక్కడే పెట్టాలి. గ్రీన్‌హౌస్‌లో కాసిన బెండకాయలు, గోంగూర లాంటివి "ఇతర"లోకి వెళ్తాయి. పక్కన ఇంగ్లీషు పేరు రాసిన చిన్న చీటీ పెట్టండి, జడ్జి ఎప్పుడూ చూడనిదైతే ఆ చీటీయే దానికి పరిచయం. బెండకాయ వేలెడు దాటకముందే కోయాలి, ముదిరితే ఎవరూ క్షమించరు. కొత్తిమీర, మెంతికూర హెర్బ్స్ క్లాసుకు పనికొస్తాయి. జూన్ నాటి సుదీర్ఘమైన పగళ్లకు కొత్తిమీర తొందరగా పూతకొస్తుంది, కాబట్టి ఆగస్టు మధ్య షో కోసం జూన్ చివర్లోనో జూలై మొదట్లోనో నేరుగా మడిలో చల్లుకోవాలి. నారు పీకి నాటితే ఇంకా తొందరగా పూస్తుంది.

పూలు

ముందు రోజు చల్లబడ్డాక కోసి, కింది ఆకులు తీసేసి, మెడదాకా నీళ్లున్న బకెట్లో రాత్రంతా చీకటిగా, చల్లగా ఉన్న చోట ఉంచండి. గులాబీ కోశాక కూడా విచ్చుకుంటుంది, డాలియా విచ్చుకోదు. కాబట్టి డాలియాను నిండుగా విచ్చాకే కోయాలి, అలాగని మధ్యలో పసుపు కన్ను బయటపడేదాకా ఆగకూడదు. చిన్న బంతిలా గుండ్రంగా ఉండే పాంపన్ డాలియాను 52 మిల్లీమీటర్ల రింగులోంచి దూర్చి చూస్తారు, దూరకపోతే ఎన్.ఏ.ఎస్. రేకుల్లో దాక్కున్న ఇయర్‌విగ్ పురుగుల్ని ఇంటి దగ్గరే దులిపేయండి, జడ్జి చేతి మీదికి పాకితే మంచి మాట రాదు. పూల అమరికలో కాడలు గుచ్చే పచ్చటి ఫోమ్ వాడేముందు షెడ్యూల్ చూడండి. రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన షోలలో 2021 నుంచి దాన్ని మాన్పించింది, ఊరి షోలు కొన్ని అదే దారిలో ఉన్నాయి. బదులుగా కోళ్ల గూటికి వాడే తీగ వల ఉండచుట్టి వేజ్‌లో దూర్చితే కాడలు నిలుస్తాయి.

కేకు, జామ్, పచ్చడి

మధ్యలో జామ్ రాసిన రెండు పొరల కేకు విక్టోరియా శాండ్‌విచ్ చూడ్డానికి సులువే, నియమాలే ఎక్కువ. మూడు గుడ్లు పెంకుతో తూచి, అంతే బరువు వెన్న, సన్న పంచదార, సెల్ఫ్ రైజింగ్ పిండి తీసుకోండి. 18 సెంటీమీటర్ల రెండు టిన్నులు, 180 డిగ్రీలు, ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు. రెండు టిన్నుల్లోకీ పిండిని తూచి పోయండి, పొరలు సమానంగా వస్తాయి. మధ్యలో రాస్ప్‌బెర్రీ జామ్ మాత్రమే, క్రీము వద్దు. పైన చల్లేది సన్న పంచదార, ఐసింగ్ షుగర్ కాదు. చల్లార్చే జాలీ గీతలు పైన పడితే పాయింట్లు పోతాయి, అందుకే జాలీ మీద టీ టవల్ పరిచి పెట్టండి. గుడ్డు తినని ఇళ్లవాళ్లు గుడ్డు లేని కేకును ఈ క్లాసులో కాకుండా "ఇతర కేకు" క్లాసులో, పాలు వెన్న కూడా లేకపోతే వీగన్ క్లాసులో పెట్టాలి.

జామ్ సీసా మీద, మూత మీద కంపెనీ పేరు ఉండకూడదు. వేడిగా ఉండగానే అంచుదాకా నింపాలి, చల్లారాక జామ్ కాస్త కుంగుతుంది. మైనపు చక్రం, సెలోఫేన్ వాడితే రెండూ కలిపి వాడాలి. మర మూత వాడితే కొత్తది బిగించాలి, కింద మైనపు చక్రం వద్దు. లేబుల్ మీద పేరుతో పాటు తయారుచేసిన తేదీ, నెల, సంవత్సరం మూడూ రాయాలి.

ఇక్కడి చట్నీ అంటే వెనిగర్, పంచదారతో ఉడికించి, రెండు మూడు నెలలు మాగబెట్టింది. మన నూనె పచ్చడి ఆ క్లాసుకు సరిపోదు. "ఇతర నిల్వ పదార్థం" అన్న క్లాసు ఉంటే ఆవకాయను అక్కడ పెట్టండి, లేబుల్ మీద "చాలా కారం" అని కూడా రాయండి. జడ్జి పొద్దుటి నుంచి ఇరవై స్పూన్లు రుచి చూసి ఉంటారు, తర్వాత రుచి చూడాల్సిన కేకులూ ఉంటాయి.

అల్లికలు, కుట్లు ఉతికి ఇస్త్రీ చేసి ఇవ్వాలి. జడ్జి తప్పకుండా తిరగేసి చూస్తారు, వెనక వేలాడే దారాల కొసలు లోపలికి కుట్టేయండి. పిల్లల క్లాసులో కార్డు మీద వయసు రాయడం మరిచిపోకండి, అమ్మానాన్నల చెయ్యి పడితే దూరం నుంచే తెలిసిపోతుంది.

శనివారం పొద్దున

బల్లల మీద పెట్టడానికి ఎక్కువగా ఎనిమిది నుంచి పదిన్నరదాకా సమయమిస్తారు. ఎనిమిదింటికే వెళ్లండి. కత్తెర, రఫియా, తడిగుడ్డ, నీళ్లు చిమ్మే సీసా, స్కేలు, పెన్ను, అదనపు కాయలు వెంట ఉంచుకోండి. మీ పేరున్న కార్డు పేరు కిందికి ఉండేలా బోర్లా పెట్టాలి, జడ్జింగ్ అయ్యేదాకా పేరు కనబడకూడదు. వెళ్లేముందు ఒకసారి మళ్లీ లెక్కపెట్టండి, క్లాసు నంబరూ సరిచూసుకోండి. పదిన్నరకు హాలు మూస్తారు, మళ్లీ మధ్యాహ్నమే తెరుస్తారు.

చాలా చోట్ల మొదటి బహుమతికి ఎర్ర కార్డు, రెండోదానికి నీలం, మూడోదానికి పసుపు. డబ్బు నామమాత్రమే. కార్డు మీద జడ్జి ఏదైనా రాస్తే ఫొటో తీసుకోండి, విత్తనం ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది. ప్రకటించిన సమయానికి ముందు ఏదీ ఎత్తుకెళ్లకూడదు. చివర్లో మిగిలిన కూరగాయలు వేలం వేసే షోలున్నాయి, కేకు మీకే కావాలంటే "వేలానికి కాదు" అని చీటీ ముందే పెట్టండి. కప్పు గెలిస్తే అది ఏడాదికే మీది. తిరిగి ఇచ్చేముందు పాలిష్ చేయించి, పేరు చెక్కించే పని ఎవరిదో కార్యదర్శిని అడిగి ఉంచుకోండి.