లెట్టా, స్ట్రోకా, నో లెట్టా: స్క్వాష్ రెఫరీ వేసుకోవలసిన ప్రశ్నలు

అనంతపురంలో స్క్వాష్ (ఒకే గదిలో ఇద్దరు రాకెట్లతో బంతిని ముందు గోడకు కొట్టే ఆట) ఆడేవారు తక్కువ కాబట్టి, అప్పుడే ఆట ముగించి చెమట తుడుచుకుంటున్నవారే తరువాతి మ్యాచ్‌కు రెఫరీగా కూర్చోవలసి వస్తుంది. ముందుగా 11 పాయింట్లు చేసినవారిది గేమ్ అనీ, 10-10 అయితే 2 పాయింట్ల తేడా వచ్చేదాకా ఆడాలనీ అందరికీ తెలుసు. చిక్కంతా 9.75 మీటర్ల పొడవు, 6.4 మీటర్ల వెడల్పు గల గదిలో ఒకరికొకరు అడ్డుపడి, ఒకరు "లెట్ ప్లీజ్" (ఆ పాయింటు మళ్లీ ఆడించండి) అన్నప్పుడే వస్తుంది.

అప్పుడు మొదట చూడవలసింది నిజంగా అడ్డు తగిలిందా అన్నది. తగిలినా, అడిగిన ఆటగాడు ఆ బంతిని అందుకొని సరిగా తిరిగి కొట్టగలిగేవాడు కాకపోతే, లేదా అందుకోసం శాయశక్తులా ప్రయత్నించకపోతే నో లెట్ ఇవ్వాలి, అంటే పాయింటు ఎదుటివారిది. ముందు మూలలో బంతి చచ్చిపోతుంటే, దాని వైపు కాక ప్రత్యర్థి వీపు వైపు పరుగెత్తి లెట్ అడిగేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. బంతిని కాసేపు మరిచి వారి పాదాలు ఎటు పడుతున్నాయో చూస్తే సంగతి తేలిపోతుంది. ఇవన్నీ దాటాక, ప్రత్యర్థి తప్పుకోవడానికి పూర్తిగా ప్రయత్నించకపోయినా, అడ్డు లేకుంటే ఆ దెబ్బతో పాయింటు ఖాయమని తోచినా స్ట్రోక్ (అడిగినవారికే పాయింటు), లేకపోతే లెట్.

తప్పుకోవాలని ఎంత ప్రయత్నించినా స్ట్రోక్ తప్పని సందర్భం ఒకటుంది. ముందున్నవాడు కొట్టిన బంతి నేరుగా తన మీదికే తిరిగి వచ్చి, వెనక ఉన్నవాడు రాకెట్ ఎత్తి, కొడితే మనిషికి తగులుతుందని ఆగిపోయాడనుకోండి. ఆ దెబ్బ నేరుగా ముందు గోడకు వెళ్లేదైతే స్ట్రోక్ ఆగినవాడిదే. అయితే అతడు బంతితోపాటు వెనక్కి గుండ్రంగా తిరిగి ఆగి ఉంటే లెట్ మాత్రమే వస్తుంది. అలా తిరిగి కొట్టి మనిషికి తగిలిస్తే పాయింటు ఎదుటివారికి పోతుంది.

"యాడ తగిలింది సామీ?" అని వయసులో పెద్దవారు అడిగితే మొహమాటపడకుండా కారణం ఒక్క వాక్యంలో చెప్పి, వాదన అక్కడితో ఆపాలి. షటిల్, టెన్నిస్ ఆడి వచ్చినవారికి స్క్వాష్‌లో గీతను తాకిన బంతి ఔట్ అని మ్యాచ్‌కు ముందే గుర్తుచేయడం మంచిది. బంతి గీతను తాకిందా, రెండుసార్లు నేలకు తగిలిందా అన్నది రెఫరీకే తేలనప్పుడు ఆ ర్యాలీని లెట్‌గా మళ్లీ ఆడించాలి.