తిమోక్లియా బొమ్మను చార్‌కోల్‌తో దించడం ఎలా

విశాఖ పెదవాల్తేరులో మా ఇంటి మేడ మీద సాయంత్రాలు ఆడపిల్లలకు డ్రాయింగ్ చెబుతాను. చెయ్యి కుదిరిన పెద్దపిల్లల చేత తప్పకుండా దింపించే బొమ్మ, ఇటలీ చిత్రకారిణి ఎలిసబెట్టా సిరానీ 1659లో వేసిన తిమోక్లియా. ఇంట్లో కూర్చుని మీరూ దించుకోవచ్చు.

ముందు కథ తెలియాలి. క్రీ.పూ. 335లో అలెగ్జాండర్ సైన్యం గ్రీసులోని థీబ్స్ నగరాన్ని కొల్లగొట్టింది. ఆ సైన్యంలోని థ్రేస్ దళనాయకుడొకడు ఆ ఊరి తిమోక్లియా ఇంట్లో చొరబడి ఆమెను చెరిచాడు. అది చాలక బంగారం ఎక్కడ దాచావన్నాడు. తోటలో నూతిలో ఉందని తీసుకెళ్ళింది. వాడు వంగి చూస్తుంటే వెనకనుంచి తోసేసి, పైనుంచి రాళ్ళు వేసి చంపింది. సైనికులు బంధించి తెస్తే ఆమె నిబ్బరం చూసి అలెగ్జాండర్ విడిచిపెట్టాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఆ క్షమించే ఘట్టం వేసిన చిత్రకారులున్నారు. అక్కడ గొప్పతనమంతా రాజుగారిదే. 21 ఏళ్ళ సిరానీ మాత్రం నూతి దగ్గర ఘట్టాన్నే ఎంచుకుంది. అందుకే నాకీ బొమ్మంటే అంత ఇష్టం.

ప్రింటు మ్యాట్ పేపర్ మీద తీయించండి, నున్నటి పేపరైతే ట్యూబులైటు మెరుపులో నీడలు కనపడవు. అసలు చిత్రం ఇటలీలోని నేపుల్స్‌లో ఉంది, ఎత్తు 228 సెంటీమీటర్లు, వెడల్పు 174 పైచిలుకు. అంటే ప్రింటు మీదా, బొమ్మ దించే షీటు మీదా అడ్డంగా మూడు, నిలువుగా నాలుగు గళ్ళు గీస్తే ఇంచుమించు చదరాలే వస్తాయి. ఒక్కోదాన్ని మళ్ళీ నాలుగు చేయండి.

ఇప్పుడు ప్రింటునీ షీటునీ రెంటినీ తలకిందులు చేసి క్లిప్పు పెట్టండి. పడిపోతున్న వాడి ముఖం నిటారుగా వస్తుంది. మామూలుగా పెట్టి గీస్తే గడ్డం ఉండాల్సిన చోట మన చెయ్యి నుదురు గీసేస్తుంది. వాడి తల, భుజాలు, గాల్లోకి లేచిన కాళ్ళు ఇలాగే ముగించి, తర్వాత తిప్పండి. బరువంతా నూతిలోకి జారుతున్నట్టు కనిపిస్తే సరిగ్గా వచ్చినట్టే.

ఆమె ముఖం ఆఖర్న. పిల్లలు ఇక్కడ మహిషాసురమర్దినిలా కళ్ళు ఉరిమేలా గీస్తారు. వద్దు. సిరానీ ఆమె ముఖంలో కోపం పెట్టలేదు, చేస్తున్న పని మీద ధ్యాసే ఉంది. కనుబొమల మధ్య ఒక్క గీత ఎక్కువైనా పుట్టీ రబ్బరుతో (పిండిముద్దలా మెత్తగా ఉండే రబ్బరు) అద్ది తీసేయండి, రుద్దకండి. బలమంతా చేతుల్లో చూపించండి. ఆమె వేళ్ళు అతని ఒంటికి తగిలే చోట నీడను గట్టిగా నొక్కండి.

మన సముద్రపు గాలికి కాగితం చెమ్మగిల్లి చార్‌కోల్ మచ్చలుగా పడుతుంది. గీయనప్పుడు షీటు ప్లాస్టిక్ కవర్లో ఉంచండి. నలుపు ఒకేసారి దట్టించకుండా పొరలుగా వేయండి. ఫిక్సేటివ్ (చార్‌కోల్ రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) ముసురు లేని రోజు, కిటికీలు తెరిచిన గదిలో, మూరెడు దూరంనుంచి పలచగా రెండుసార్లు కొట్టి, ఆరాక పైన బటర్ పేపర్ వేయండి.