పాలిమర్ మెమరీ ట్రాన్సిస్టర్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పీ3హెచ్‌టీ వంటి సెమీకండక్టర్ పాలిమర్ మీద పీవీడీఎఫ్-టీఆర్‌ఎఫ్‌ఈ అనే ఫెర్రోఎలక్ట్రిక్ పాలిమర్‌ను (విద్యుత్ క్షేత్రంతో తిరగబడి, క్షేత్రం తీసేసినా నిలిచే ధ్రువణం, అంటే లోపలి ఆవేశాల అమరిక, గల పాలిమర్‌ను) గేటు పొరగా వేసి తయారుచేసే మెమరీ ట్రాన్సిస్టర్‌లో సమాచారం నిలిచేది ఆ గేటు పొర ధ్రువణంలోనే. కరెంటు తీసేసినా అది చెరగదు. అందువల్ల పరికరం మొరాయించినప్పుడు ముందుగా ఆ పొరనే పరీక్షించాలి.

సమస్య: గేటు లీకేజీ (గేటు పొర గుండా కారే కరెంటు) ఎక్కువగా ఉంది, లేదా గేటు షార్ట్ అయింది.
పొర తేటగా కాక పాలలా మసకగా కనిపిస్తే కారణం చాలావరకు గాలిలోని తేమే. టీహెచ్‌ఎఫ్ వంటి నీటితో కలిసే ద్రావకం ఆరుతూ తేమను పీల్చుకోవడంతో పాలిమర్ విడిపోయి పొరలో సూక్ష్మరంధ్రాలు పడతాయి. పొడి నైట్రజన్ నింపిన గ్లోవ్ బాక్సులో కోటింగ్ చేయాలి. ఆ వసతి లేనిచోట సబ్‌స్ట్రేట్‌ను వేడిగా ఉంచినా రంధ్రాలు తగ్గుతాయి.

సమస్య: లీకేజీ లేదు, అయినా హిస్టెరిసిస్ లూప్ (గేటు వోల్టేజీని ఒకవైపు తీసుకెళ్లి వెనక్కి తెచ్చేటప్పుడు కరెంటు వేరే దారిలో వచ్చి ఏర్పడే వలయం) తెరుచుకోవడం లేదు.
ఈ పాలిమర్ ధ్రువణం తిరగబడాలంటే మీటరుకు సుమారు 50 మెగావోల్టుల క్షేత్రం కావాలి. అంటే 300 నానోమీటర్ల పొరకు 15 వోల్టులు దాటాలి. వోల్టేజీ సరిపోయినా లూప్ రాకపోతే ఎనీలింగ్ (పొరను వేడిలో కొంతసేపు ఉంచడం) చాలలేదన్నమాట. 135-140 డిగ్రీల సెల్సియస్ వద్ద చేస్తే స్ఫటికత పెరుగుతుంది, కానీ 150 దరిదాపుల్లో పొర కరగడం మొదలవుతుంది.

సమస్య: లూప్ వస్తోంది, కానీ నమ్మదగినదిగా లేదు.
నా దృష్టిలో అన్నిటికన్నా ఓపికగా చూడవలసింది ఇదే, ఎందుకంటే లూప్ కనిపించినంత మాత్రాన అది మెమరీ కాదు. గేటును ధన వోల్టేజీ నుంచి రుణ వోల్టేజీకి తీసుకెళ్లి వెనక్కి తెచ్చినప్పుడు, పీ-రకం ఛానెల్‌లో (హోల్స్ అనే ధనావేశాలు కరెంటును మోసే సెమీకండక్టర్ దారిలో) నిజమైన ఫెర్రోఎలక్ట్రిక్ లూప్ అయితే వెనక్కి వచ్చేటప్పుడు డ్రెయిన్ కరెంటు (ఛానెల్ గుండా పోయే కరెంటు) ఎక్కువగా ఉండాలి. అప్పటికి తిరగబడిన ధ్రువణం హోల్స్‌ను ఛానెల్‌లో పట్టి ఉంచుతుంది. కరెంటు తక్కువగా ఉంటే హోల్స్ ఇంటర్‌ఫేస్ ట్రాప్‌లలో (రెండు పొరలు కలిసేచోట ఆవేశాలను పట్టేసే లోపాల్లో) చిక్కుకున్నాయని అర్థం. అయితే పొరలో అయాన్లు కదిలినా దిశ ఫెర్రోఎలక్ట్రిక్ లూప్‌లాగే ఉంటుంది కనుక దిశ ఒక్కటే చూసి తీర్మానించకూడదు. స్వీప్ వేగం (గేటు వోల్టేజీని మార్చే వేగం) మార్చి చూడాలి: వేగంతో పాటు లూప్ బాగా మారిపోతుంటే అయాన్లనే అనుమానించాలి. అదే పొరతో పక్కనే ఒక కెపాసిటర్ చేసి ధ్రువణాన్ని నేరుగా కొలిస్తే సందేహం తీరుతుంది. మంచి పొరలో మిగులు ధ్రువణం చదరపు సెంటీమీటరుకు 6 నుంచి 8 మైక్రోకూలంబ్‌ల వరకు ఉంటుంది. అనుమానం ట్రాప్‌ల మీదికి పోతే ఇంటర్‌ఫేస్‌ను, అయాన్ల మీదికి పోతే పాలిమర్ శుద్ధిని సరిచేయాలి.

సమస్య: ఆన్ కరెంటు క్రమంగా పడిపోతోంది.
ఫెర్రోఎలక్ట్రిక్‌కూ ఛానెల్‌కూ మధ్య వేరే ఇన్సులేటర్ పొర ఉంటే ధ్రువణానికి ఎదురుగా క్షేత్రం ఏర్పడి దాన్ని కరిగించేస్తుంది. ఆ పొరను తీసేయాలి, తప్పనిసరైతే వీలైనంత పలచగా వేయాలి. గేటును సున్నా వోల్టేజీ వద్ద ఉంచి చదివితే చదవడం వల్ల ధ్రువణం చెదరదు.

సమస్య: కెపాసిటర్‌లో పదేపదే రాసిన కొద్దీ ధ్రువణం తగ్గుతోంది.
ఎలక్ట్రాన్ల తాకిడికి పాలిమర్ విచ్ఛిన్నమై పుట్టే వాయువు పై ఎలక్ట్రోడ్ కింద చేరి దాన్ని పైకి లేపుతుంది. వాయువు బయటికి పోనిచ్చే ఎలక్ట్రోడ్ వాడి, పల్స్ ఆకారాన్ని కూడా తగ్గట్టు మార్చాలి.