ఆఫీసులో నెట్‌వర్క్ స్విచ్‌లు (కంప్యూటర్లు, ఫోన్లు, వైఫై పరికరాలను కేబుళ్లతో కలిపే పెట్టెలు) మార్చేటప్పుడు వెండర్ దగ్గర ఎక్కడ తేడా కొడుతుంది?

సమస్య: ఒకే మోడల్‌కి మూడు కొటేషన్లు వచ్చాయి, ఒకటి మరీ తక్కువ.

కారణం: ముందు 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో చూడండి. అది కలిపాక కూడా తేడా పెద్దగా ఉంటే అనుమానించాల్సింది సరుకునే. వేరే దేశంలో అమ్మడానికి తయారైన పీసు కావచ్చు, రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మేది) కావచ్చు, కంపెనీ అమ్మకం ఆపేసిన మోడల్ కావచ్చు.

పరిష్కారం: సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్నా, మాదాపూర్‌లో పెద్ద ఇంటిగ్రేటర్ (పరికరాలు అమ్మి బిగించి ఇచ్చే కంపెనీ) దగ్గర కొన్నా ఒకటే పద్ధతి. ఇన్‌వాయిస్ మీద ప్రతి స్విచ్ సీరియల్ నంబరూ రాయించుకోండి. తయారీ కంపెనీ సైట్‌లోనో సపోర్ట్ వాళ్లనో అడిగి, ఆ నంబర్లకు ఇండియాలో వారంటీ ఉందని తేలాకే డబ్బు కట్టండి. నంబర్లు ఇవ్వడానికి నసిగే వెండర్‌ని అక్కడే వదిలేయండి.

సమస్య: కొత్త స్విచ్ పెట్టాక వైఫై యాక్సెస్ పాయింట్లు, ఐపీ ఫోన్లు ఆగి ఆగి రీస్టార్ట్ అవుతున్నాయి.

కారణం: పీఓఈ పవర్, అంటే నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే పరికరాలకు స్విచ్ ఇచ్చే కరెంటు, చాలట్లేదు. పీఓఈ ప్లస్ అనే రకంలో ఒక్కో పోర్ట్ (కేబుల్ పెట్టే చోటు) 30 వాట్ల దాకా ఇస్తుంది. 24 పోర్టులూ అంత లాగితే 720 వాట్లు కావాలి. కానీ 24 పోర్టుల మోడళ్లలో చాలావాటికి అన్ని పోర్టులకూ కలిపి ఇవ్వగల పవర్ 370 వాట్లే. ఫోన్‌లో పోర్టుల లెక్క అడిగి కొటేషన్ పంపే వెండర్‌కి ఇది తట్టదు.

పరిష్కారం: ఏ పరికరం ఎన్ని వాట్లు తీసుకుంటుందో లిస్టు రాసి, కూడి, పైన పాతిక శాతం కలిపి అడగండి. ర్యాక్ (స్విచ్‌లు బిగించే స్టాండు) చూడటానికి మనిషిని పంపని వెండర్‌కి నేనైతే ఆర్డర్ ఇవ్వను.

సమస్య: స్విచ్ మారింది, స్పీడ్ మారలేదు.

కారణం: చాలాసార్లు కేబుల్. గిగాబిట్‌కి నాలుగు జతల వైర్లూ బాగుండాలి. ఒక జత తెగితే లింక్ 100 ఎంబీపీఎస్‌కి పడిపోవచ్చు.

పరిష్కారం: కొనకముందే ఇప్పుడున్న పోర్టుల లింక్ స్పీడ్ చూపించమనండి. క్యాట్ 5ఈ కేబుల్ బాగుంటే 100 మీటర్ల దాకా గిగాబిట్‌కి సరిపోతుంది. వైరింగ్ అంతా మార్చాల్సిన పని లేదు.

సమస్య: స్విచ్ పోయింది, వారంటీ ఉంది, అయినా ఆఫీసు రోజుల తరబడి ఆగిపోయింది.

కారణం: పాతది పంపితేనే కొత్తది వచ్చే రకం వారంటీ అది.

పరిష్కారం: మరుసటి పనిదినం రీప్లేస్‌మెంట్ అని పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయండి. అది ఖరీదనిపిస్తే అదే మోడల్ ఒకటి స్పేర్‌గా కొనిపెట్టుకోండి. అడ్మిన్ పాస్‌వర్డ్, కాన్ఫిగరేషన్ బ్యాకప్ (స్విచ్ సెట్టింగుల కాపీ) మీ చేతికి వచ్చేదాకా చివరి బిల్లు ఆపండి. ఆ రెండూ వెండర్ దగ్గరే ఉండిపోతే చిన్న వీలాన్ (ఒకే స్విచ్ మీద నెట్‌వర్క్‌ను భాగాలుగా విడగొట్టే సెట్టింగ్) మార్పుకి కూడా అతని కోసం ఎదురుచూడాలి.