పాఠం 4: సమూవేలు తల్లి అన్నా (హన్నా) దగ్గర నేర్చుకునే ప్రార్థన

పోయిన పాఠంలో మోషే అక్క మిరియాముతో కలిసి తంబుర పట్టుకున్నాం. ఈసారి గొంతు తగ్గిద్దాం. సమూవేలు మొదటి గ్రంథం తెరిచి, 1వ అధ్యాయం మొదటి 20 వచనాలు రెండుసార్లు చదవండి సిస్టర్స్. రెండోసారి పెదవులు మాత్రమే కదపండి, శబ్దం బయటికి రాకూడదు.

కథ మీకు తెలిసిందే. ఎల్కానా ఇద్దరు భార్యల్లో పెనిన్నాకు పిల్లలున్నారు, అన్నాకు లేరు. ఏటా ప్రభువు మందిరం ఉన్న షిలోకు వెళ్లినప్పుడల్లా పెనిన్నా దెప్పిపొడుపులు తప్పవు. "నేను నీకు పదిమంది కొడుకుల పెట్టు కానా?" అంటాడు భర్త. మంచివాడే పాపం, కానీ ఆ మాటకు ఆమె దుఃఖం తగ్గలేదు. మన మఠాల్లోనూ ఇలాంటి ఓదార్పే నడుస్తుంది: "పోనీలే సిస్టర్, ప్రభువుకు అర్పించెయ్యండి."

షిలో మందిరంలో బిడ్డ కోసం మొరపెట్టుకున్న అన్నా, అర్పించే ముందు తన బాధ చెప్పుకుంది. 13వ వచనం దగ్గర ఆగండి. హీబ్రూలో అక్కడున్న మాటకు 'తన గుండె మీద మాట్లాడుతోంది' అని అర్థం. పెదవులు కదులుతున్నాయి, స్వరం వినిపించడం లేదు. తలుపు దగ్గర పీఠం మీద కూర్చున్న యాజకుడు ఏలీ ఆ నోటినే గమనిస్తూ, తాగి వచ్చిందనుకున్నాడు! ఆమె జవాబులో కోపం లేదు, దాపరికమూ లేదు: తాగలేదయ్యా, ప్రభువు ముందు నా మనసు కుమ్మరించుకుంటున్నాను. యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తాల్ముదులో రబ్బీలు (వాళ్ల ధర్మబోధకులు) ప్రార్థన నియమాలు కొన్ని ఈ ఒక్క దృశ్యం నుంచే తీశారు: మనసు నిలపాలి, పెదవులు కదలాలి, గొంతు పెంచకూడదు. 3వ శతాబ్దంలో కార్తేజు పీఠాధిపతి సిప్రియాను కూడా పరలోక జపాన్ని వివరిస్తూ ఈమెనే చూపించాడు.

"మనం బిడ్డను అడగబోం కదా, అన్నా మనకెందుకు?" అని ఒక నొవిస్ (మఠంలో కొత్తగా చేరి శిక్షణలో ఉన్న సిస్టర్) అడిగింది. మంచి ప్రశ్న. బిడ్డలేని లోటు మనలోనూ కొందరికి ఉంటుంది, దాన్నీ తేవచ్చు. అయితే నేర్చుకోవాల్సింది ఆమె అడిగిన వస్తువును కాదు, అడిగిన తీరును. నాకు ఒకసారి ఇష్టంలేని బదిలీ వచ్చింది. మూడు నెలలు చాపెల్లో "నీ చిత్తం ప్రభూ" అంటూనే ఉన్నాను, లోపల కుంపటి రగులుతూనే ఉంది. ఒక రాత్రి దీపం ఆర్పేశాక "నాకు కోపంగా ఉంది ప్రభూ, ఆ పిల్లల్ని వదిలి రాలేకపోయాను" అని పెదవులతో అన్నాను. నా ప్రార్థన మొదలైంది అప్పుడే అనిపించింది.

ఇప్పుడు అభ్యాసం. దివ్యసత్ప్రసాదం ముందు ఇరవై నిమిషాలు కూర్చోండి. జపమాల, పుస్తకం పక్కన పెట్టండి. మిమ్మల్ని నొప్పిస్తున్న విషయం ఒక్కటే తీసుకుని, దాని అసలు పేరుతో పెదవుల మీద చెప్పండి. 'నా బలహీనతలు' అంటే కుదరదు. 'వంటగదిలో నిన్న ఆ మాట' అనండి. మాటలు అయిపోతే అదే వాక్యం మళ్లీ చెప్పండి. ఎవరైనా చూసి ఈమెకేమైంది అనుకుంటే అనుకోనివ్వండి, ఏలీ అంతటివాడే పొరపడ్డాడు.

చివరి రెండు నిమిషాలకు 11వ వచనం తీసుకోండి. అందులో అన్నా తనను 'నీ దాసురాలు' అని మూడుసార్లు చెప్పుకుంటుంది, తన దీనావస్థను చూడమంటుంది. ఈ మాటలు ఎక్కడో విన్నట్టుందా? రోజూ సాయంకాల ప్రార్థనలో మనం పాడే మరియమ్మ స్తోత్రంలో 'దాసురాలి దీనావస్థ' ఇదే. మరియమ్మ గీతానికి అన్నా పాట (2:1-10) పోలిక అని అందరూ చెబుతారు, ఈ కన్నీటి మాటను మాత్రం చాలామంది గమనించరు. డిసెంబరు 22న పూజలో అన్నా బిడ్డను షిలోకు తెచ్చిన పఠనం, ఆమె పాట, మరియమ్మ గీతం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మన నాలుగు వారాల ప్రార్థన క్రమంలో రెండో వారం బుధవారం ఉదయ ప్రార్థనలోనూ అన్నా పాట ఉంది, ఈసారి దాన్ని హడావిడిగా చదివెయ్యకండి.

18వ వచనంలో ఆమె వెళ్లి భోజనం చేసింది, ముఖంలో దిగులు పోయింది. అప్పటికి కడుపు పండలేదు, ఏ గుర్తూ రాలేదు. అందుకే ఈ వారం నోటుబుక్కులో ప్రార్థన గురించి ఏమీ రాయొద్దు. ప్రార్థన తర్వాత భోజనశాలలో ఎలా తిన్నారో, పక్కనున్న సిస్టరుతో ఏం మాట్లాడారో రోజుకో వాక్యం రాయండి. వచ్చే పాఠానికి యూదితు గ్రంథం 9వ అధ్యాయం చదివి రండి.